రోగి వేషం

నాలుగు రోజులుగా మసరత్ వెతుకుతున్న మనిషిని ప్రొద్దుటూరులో చూడనివాళ్ళు లేరు. ఎక్కడున్నాడో చెప్పగలిగినవాళ్ళూ లేరు.

బట్టల కొట్టు యజమానికి ఫొటో చూపిస్తే, "మా యాడ్‌లో తాత గదా! మనవరాలికి పట్టుచీర కొనిస్తాడే, ఆయప్ప," అన్నాడు. జాతరల్లో పద్యనాటకాలు ఆడించే కాంట్రాక్టరు, "రాజు వేషం కట్టేటోడు మేడమ్. ఇప్పుడు కిరీటం బరువు మోయలేకుండాడు. అందుకే మంత్రికి దించినా," అన్నాడు. హైదరాబాదులో టీవీ సీరియల్ మేనేజరుకు ఫోన్ చేస్తే, జడ్జి కుర్చీలో కూర్చోబెట్టడానికీ, పాడె మీద పడుకోబెట్టడానికీ ఆ మనిషినే పిలుస్తుంటామని చెప్పాడు. మెడికల్ కాలేజీ పరీక్షలప్పుడు రోగిగా నటించడానికి కూడా వెళ్ళేవాడట. మంచం మీద పడుకుంటే విద్యార్థులు వచ్చి చూసి జబ్బేమిటో కనిపెట్టాలి. పక్షవాతం అతనికి కొట్టినపిండి. నిజమైన రోగి అనుకొని ఓ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుందని అక్కడివాళ్ళు నవ్వుతూ చెప్పారు.

వేషాలన్నీ అందరికీ గుర్తున్నాయి. మనిషి పేరు పెంచలయ్య అంటే మాత్రం, "ఓహో, అదా ఆయన పేరు?" అన్నారు.

మసరత్ హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం వదిలేసి ప్రొద్దుటూరులో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. ఏజెన్సీ అంటే ఒక గది, ఒక ఫ్యాను, తను. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల విచారణలే. పిల్లవాడు తాగుతాడా, ఆ ఇంట్లో ఇంతకుముందు కోడలు ఎందుకు వెళ్ళిపోయింది... ఇలాంటివి. ఇళ్ళ వెనకాల నిలబడి పనిమనుషులతో మాట్లాడి మాట్లాడి ఆమెకు విసుగు పుట్టింది. పెంచలయ్య భార్య రామేశ్వరమ్మ గదిలోకి వచ్చి, "నా మొగుడు కనపడల్యాదక్కా," అన్నప్పుడు, ఇదైనా వేరే పని కదా అని ఒప్పుకుంది. ఇప్పుడు దీనికీ అలసిపోయింది.

రామేశ్వరమ్మ చెప్పింది కొంచెమే.

"పులివెందుల్లో యాడనో బంగ్లాలో సీరియల్ తీస్తాండారన్న్యాడు. పక్షవాతమొచ్చిన షావుకారి వేషమంట. మాటలు శానా తక్కువ, పండుకోనుంటే సాలన్న్యాడు. పోయేముందర వారం దినాలు ఇంట్లో మూతి వంకర పెట్టుకోనే అన్నం తిన్యాడక్కా. నేను తిట్టినా గూడా మూతి తిప్పల్యా."

"ఏ చెయ్యి పడిపోయినట్టు చేసేవాడు?"

"ఎడం చెయ్యి. పిడికిలి బిగించి ఇట్ల రొమ్ము మీద పెట్టుకుంటాండె. నిద్రలో గూడా అట్లనే."

ఎవరు పిలిచారో, ఎవరు తీసుకుపోయారో ఆమెకు తెలియదు. తెల్లకారు వచ్చిందని మాత్రం చెప్పింది.

అయిదో రోజు పొద్దున జమ్మలమడుగు సీఐ యువరాజ్ నుంచి రామేశ్వరమ్మకు ఫోన్ వచ్చింది. పెన్నలో శవం దొరికింది, వచ్చి చూసుకొమ్మని.

* * *

మార్చురీ గది చిన్నది. ఫినాయిలు వాసన దాటి వేరే వాసన వస్తోంది. నీళ్ళలో నానిన శవం, ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. వయసు అరవై దరిదాపు. పెంచలయ్యకూ అంతే. పొడవూ అంతే. ఒంటి మీద గోధుమరంగు పట్టుచొక్కా. జేబులో ప్లాస్టిక్ కవర్లో కళాకారుల సంఘం గుర్తింపు కార్డు, దాని మీద పెంచలయ్య ఫొటో.

రామేశ్వరమ్మ చొక్కా అంచు పట్టుకొని చూసింది. "బట్టల కొట్టోళ్ళు ఇచ్చిన చొక్కానే," అంది. గొంతులో ఏడుపు కూడా లేదు. గోడకు వీపు ఆనించి అట్లాగే నేల మీద కూలబడింది.

మసరత్ ఆమె పక్కన కూర్చోవాలి. ఓదార్చాలి. కానీ ఆమె చూపు శవం ఎడమచేతి మీద ఆగిపోయింది.

పిడికిలి బిగిసి ఉంది. కుడిచెయ్యి మామూలుగా, వేళ్ళు చాచుకొని ఉంది. మసరత్ చేతితొడుగు వేసుకొని ఎడమ పిడికిలిని మెల్లగా విప్పబోయింది. వేళ్ళు రాలేదు. సందులోంచి టార్చి వేసి చూసింది. గోళ్ళు అరచేతిలోకి దిగిన చోట గుంటలు. కొత్తవి కావు. మానీ మళ్ళీ పుండై మళ్ళీ మాని, కాయలు కాసిన గుంటలు. పంచె కొద్దిగా పక్కకు తీసింది. ఎడమ పిక్క కుడిదానికంటే సన్నంగా ఉంది. తుంటి మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. ఏనాడో మంచంలో పడి ఒరుసుకొని మానిన పుండు.

"రామేశ్వరమ్మా, మీ ఆయన సైకిల్ తొక్కుతాడా?"

"పోయే దినం పొద్దున గూడా తొక్కినాడు," అంది ఆమె తల ఎత్తకుండానే.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సీఐ యువరాజ్. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళకింద నల్లటి చారలు. మరుసటి రోజు గండి గుడి దగ్గర బందోబస్తు, ఆ పని మధ్య ఈ శవం వచ్చి పడింది.

"మసరత్ మేడమ్, మీరెందుకు ఈడ?"

"ఈమె నా క్లయింటు. సీఐ గారూ, ఇది పెంచలయ్య శవం కాదు."

"చొక్కా ఆయనదే. కార్డు ఆయనదే. చొక్కాను పెండ్లామే గుర్తుపట్టె. ఇంగేం గావాల మీకు?"

"చొక్కాలో ఉన్న మనిషి ఎవరో కావాల."

యువరాజ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "తాగి వంతెన మీంచి పడినాడు. నాటకాలోళ్ళ సంగతి మనకు తెల్వంది కాదు."

"ఎడమచెయ్యి చూడండి. ఇది సచ్చేటప్పుడు బిగిసిన పిడికిలి కాదు, ఏండ్ల తరబడి బిగిసింది. ఎడమకాలు చూడండి. ఏటిలో పడితే మనిషి ఉబ్బుతాడు. ఒక పక్క కాలు మాత్రం సన్నబడదు. ఈ మనిషి వంతెన దాకా నడవలేడు సీఐ గారూ. మంచం దిగాలన్నా ఒకరు పట్టుకోవాల."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"మా అమ్మ పక్షవాతంతో ఆరేళ్ళు మంచంలో ఉండె. ఆ చెయ్యి విప్పి గోళ్ళు తీసింది నేనే."

యువరాజ్ వంగాడు. శవం చెయ్యి చూశాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. అలసిపోయిన మనిషికి కోపమే సులువు.

"మధ్యాన్నం పోస్టుమార్టం ఉంది. డాక్టరమ్మ ఏం రాస్తే అదే. ఇది పెంచలయ్య గాకుంటే మరెవురంటావు?"

"పులివెందుల్లో ఉండే రాఘవేంద్రప్రసాద్. ప్రొద్దుటూరులో పెద్ద నగల కొట్టు ఆయనది."

యువరాజ్ నవ్వాడు. "ఆయప్ప బతికే ఉండాడు మేడమ్. మొన్న ఆయన మేనల్లుడు వీడియో పెట్టినాడంట, మామ చెయ్యెత్తి దీవించేది. ప్రొద్దుటూరు షావుకార్లందరి ఫోన్లలో తిరుగుతాంది."

"అందుకే నాకు భయమైతాంది."

"పెండ్లి సంబంధాలు చూసుకోండి మేడమ్. శవాలను మాకిడ్సిపెట్టండి."

"పోస్టుమార్టం అయ్యేదాకా శవాన్ని ఈమెకు అప్పగించొద్దు. డాక్టరమ్మకు ఎడమపక్క చూడమని ఒక్క మాట చెప్పండి. అంతే నేనడిగేది."

అతను టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు.

* * *

అద్దె కారు ముద్దనూరు మీదుగా పులివెందులకు పోతోంది. వెనకసీట్లో రామేశ్వరమ్మ.

"అక్కా, అది ఆయన కాదంటివి. మరి ఆయన బతికుండాడా?"

మసరత్ రోడ్డు వైపు చూసింది. తనకు తెలిసింది లోపల పేర్చుకుంటోంది.

నెల కిందట ప్రొద్దుటూరులో ఓ నగల వ్యాపారి, కూతురికి వచ్చిన సంబంధం గురించి విచారించమని ఆమెకు పని ఇచ్చాడు. పిల్లవాడు శరత్ చంద్ర. రాఘవేంద్రప్రసాద్ మేనల్లుడు. రాఘవేంద్రప్రసాద్‌కు పక్షవాతం వచ్చాక మేనల్లుడే పులివెందుల బంగ్లాకు తీసుకుపోయి పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా ఆయన్ను బయటివాళ్ళు చూడలేదు. మసరత్ వెళితే గేటు దగ్గరే ఆపారు. "మామ ఎవురితోనూ మాట్లాడడు," అన్నారు.

మామ కొట్టును తన పేరున రాసిచ్చాడని శరత్ చంద్ర అంటున్నాడు. మా నాన్న అట్లా రాయడని ఆయన కూతురు పద్మశ్రీ అంటోంది. ఆయన నోటితోనే వింటామని నగల వ్యాపారుల సంఘం పెద్దలు బయలుదేరుతున్నారు. రేపు సాయంత్రం అని పెళ్ళికూతురి తండ్రి చెప్పాడు. పెద్దలు వచ్చే ముందే ముసలాయన చనిపోయి ఉంటే? చావు బయటపడితే కొట్టు పోతుంది. అందుకని మంచంలో ఇంకో మనిషి కావాలి. ఎడమపక్క పడిపోయినట్టు పడుకొని, వంకర మూతితో ఒక్క 'ఊ' అనగలిగే మనిషి.

ఆ మనిషి చొక్కాను శవానికి ఎందుకు తొడిగారు? అసలు విషయం అక్కడుంది. పెంచలయ్య చనిపోయాడని కాగితాల మీద తేలిపోతే, అతన్ని ఇక ఎవరూ వెతకరు. పెద్దలు వచ్చి చూసి వెళ్ళాక రాఘవేంద్రప్రసాద్ 'చనిపోతాడు'. పక్షవాతం మనిషి చావును ఎవరూ అనుమానించరు. కాటిలో కాలేది పెంచలయ్య.

ఇదంతా వెనకసీట్లో ఉన్న మనిషికి ఎలా చెప్పాలి?

"ఇప్పటికి బతికుండాడనుకుంటా. నేను పిలిచేదాకా కారు దిగొద్దు," అంది.

* * *

ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. శరత్ చంద్ర తనే వచ్చి తలుపు తీశాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, మర్యాదైన నవ్వు.

"రాండి మేడమ్, పోయినసారి మిమ్మల్ని గేటుకాడ్నే పంపించినారంట. నాకు తెలిసి శానా బాధపడినా. మా కాబోయే మామగారు పంపించినారా?"

"ఆయనే. చివరిగా ఒకసారి చూసి రమ్మన్నాడు."

కాఫీ వచ్చింది. మసరత్ తాగలేదు. నెల కిందట గుమ్మం తొక్కనివ్వని ఇల్లు ఇప్పుడు ఎందుకింత ఆదరిస్తోందో ఆమెకు అర్థమైంది. ముసలాయన బతికున్నాడని చెప్పే సాక్షులు వీళ్ళకు ఎంతమంది ఉంటే అంత మంచిది.

"పోయిన వారం మీరు ఊర్లోనే ఉండారా?" మామూలుగా అడిగింది.

"మామను ఇడ్సిపెట్టి యాడికి పోతాను?"

"మామకు మందులు ఎవరిస్తారు?"

"నేనే. నర్సును పెట్టినాం గానీ సరిగ్గా చూసుకోల్యా."

"ఆ నర్సు ఎప్పుడు మానేసింది?"

అతని నవ్వు కాస్త ఆగి మళ్ళీ వచ్చింది. "ఈ మధ్యనే. ఎందుకడుగుతాండారు?"

"పిల్లనిచ్చేవాళ్ళు అన్నీ అడుగుతారు. మామగారిని ఒకసారి పలకరించి పోతాను."

"దానికేముంది, రాండి."

మేడ మీద గది. ఏసీ హోరు. కిటికీల అద్దాలు బిగించి తెరలు వేశారు. మసక వెలుతురులో మంచం మీద తెల్లగడ్డం మనిషి. గొంతుదాకా దుప్పటి. ఎడమ పిడికిలి రొమ్ము మీద. మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. ఆ మూలనుంచి కొద్దిగా చొంగ.

మసరత్ మంచం పక్కన నిలబడింది. తల్లి దగ్గర ఆరేళ్ళు కూర్చున్న ఆమెకే అనుమానం వచ్చింది, తను పొరబడ్డానేమోనని. ఇంత నిజంగా ఎవరైనా నటించగలరా?

"నమస్కారం సార్," అంది.

ఆ మనిషి గొంతులో ఏదో శబ్దం చేశాడు. కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.

"సరేనా మేడమ్? మామకు విశ్రాంతి కావాల," అన్నాడు శరత్ చంద్ర.

"పోతాను. ఇప్పుడే జమ్మలమడుగు నుంచి వస్తాండా. పొద్దున్నించీ మనసు బాగలేదు." మసరత్ అతనితోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది, కానీ ప్రతి మాటా మంచం మీదికి విసిరింది. "పెన్నలో ఎవురో నాటకాలాయన శవం దొరికింది. పెంచలయ్య అంట. ఆయన భార్య చొక్కా చూసి మార్చురీలో నేల మీద కూలబడిపోయింది. లేపుదామంటే లేవదు. పాపం, ఒక్కతే వచ్చింది."

మంచం మీద ఏమీ కదల్లేదు.

తర్వాత రొమ్ము మీది పిడికిలిలో బొటనవేలు కదిలింది. వేళ్ళు ఒకటొకటిగా విచ్చుకున్నాయి. ఎడమచెయ్యి పూర్తిగా తెరుచుకొని, దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. ఆ కళ్ళు పైకప్పును వదిలి మసరత్ వైపు తిరిగాయి. మూతి వంకర పోయింది.

"రామేశ్వరికి ఎవురు చెప్పినారు నేను సచ్చినానని?" అన్నాడు పెంచలయ్య.

శరత్ చంద్ర తలుపు వైపు ఒక అడుగు వేశాడు. మసరత్ అతన్ని చూస్తూనే, "లేవప్పా. పోదాం," అంది.

పెంచలయ్య మోచెయ్యి ఆనించి లేవబోయాడు. నడుం దాకా లేచి పక్కకు ఒరిగాడు. మళ్ళీ ప్రయత్నించాడు. కాళ్ళు కదల్లేదు.

"రావడం ల్యాదమ్మా," అన్నాడు ఆశ్చర్యంగా. "నటన గాదు. నిజంగా రావడం ల్యాదు. నరాలు సడలితే వేషం బాగా వస్తాదని మాత్రలిస్తాండాడు."

"ఇది మోసమని నీకు తెలీలేదా?"

"కెమెరాలు దాపెట్టినామన్న్యాడు. నమ్మినా. నమ్మకుంటే వేషం పోతాది గదా." ఆయాసంతో ఆగాడు. "పొద్దున పెద్దమనుషులు వచ్చినారు. కొట్టు మేనల్లునికే ఇచ్చినావా అంటే 'ఊ' అన్న్యా. ఒకాయప్ప నా చెయ్యి పట్టుకోని ఏడ్సినాడమ్మా. నటించేటోడు అట్ల ఏడవడు. ముక్కు గూడా తుడుచుకోల్యా. అప్పుడు తెలిసె నాకు, ఇది ఆట గాదని."

మసరత్ తలుపు వైపు తిరిగింది. "పొద్దునా? పెద్దలు రావలసింది రేపు గదా?"

శరత్ చంద్ర ఇప్పుడు గడప అవతల ఉన్నాడు. మర్యాద ఇంకా ముఖం మీదనే ఉంది.

"ఒక దినం ముందే వచ్చినారు మేడమ్. చూసినారు, విన్న్యారు, పోయినారు. మామ పని అయిపోయింది. మందులు గూడా పొద్దున్నే ఇచ్చేసినా, మామూలుకంటే ఎక్కువే. మీరు రాకుండా ఉంటే బాగుండు."

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

మసరత్ పరుగెత్తి తలుపును భుజంతో గుద్దింది. బర్మా టేకు. కదల్లేదు. ఫోన్ తీసి అంబులెన్సుకు చేసింది, బంగ్లా గుర్తులు చెప్పింది. తర్వాత కిటికీ తెర పక్కకు తీసి కిందికి చూస్తూ, తనకు ఇష్టం లేని నంబరు నొక్కింది.

యువరాజ్ మొదటి రింగుకే ఎత్తాడు. వెనక జీపు చప్పుడు.

"నేనే చేద్దామనుకుంటాండా మేడమ్. డాక్టరమ్మ చెప్పింది. పాత పక్షవాతమంట, నీళ్ళలో పడకముందే ప్రాణం పోయిందంట. ముద్దనూరు దాటినా. మీరు ఆ ఇంట్లోకి మాత్రం పోవద్దండి."

"పోయినా సీఐ గారూ. బయట గడియ పెట్టినాడు. పెంచలయ్యకు విషమిచ్చినాడు. వాడు కారెక్కుతాండాడు, తెల్లకారు."

మంచం పక్కనున్న నీళ్ళ చెంబు తీసుకొని కిటికీ అద్దం పగలగొట్టింది. తెర చించి బయటికి తల పెట్టి, గొంతు పగిలేలా రామేశ్వరమ్మను పిలిచింది. వీధి చివర అద్దెకారు తలుపు తెరుచుకుంది. చెప్పులు కూడా లేకుండా ఆ ఆడమనిషి పరుగెత్తుకొస్తోంది. అదే సమయానికి గేటులోంచి తెల్లకారు బయటికి దూసుకుపోయింది.

మసరత్ మంచం దగ్గరికి వచ్చి పెంచలయ్యను లేపి వీపును తన భుజానికి ఆనించుకుంది. ఇందాక దుప్పటిని పట్టుకున్న ఆ ఎడమచెయ్యి ఇప్పుడు చల్లగా ఉంది.

"కళ్ళు మూయొద్దప్పా. ఏమన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"ఏదైనా. ఆపొద్దు."

అతను తల కిటికీ వైపు తిప్పాడు. కింద ఎవరో వీధి తలుపును రెండు చేతులా బాదుతున్నారు.

"అది రామేశ్వరేనా?"

"ఆమే."

"పొద్దున్నించీ అన్నం తిన్యాదా?"

మసరత్ జవాబు చెప్పేలోగా అతని తల ఆమె భుజం మీదికి వాలిపోయింది.